రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే అమ్మలు పిల్లలకు దూరం కాకుండా ఉండాలంటే ఏం చేయాలి

మా పెద్దదానికి మొదటి పాలపన్ను ఊడిన సంగతి నాకు నాలుగో రోజున తెలిసింది. అదీ అది చెబితే కాదు, పిన్నీసు కోసం దాని పెన్సిల్ డబ్బా తెరిస్తే కాగితంలో చుట్టి కనిపించింది. వాళ్ల మామ్మకి తెలుసు, నాన్నకి తెలుసు, పక్కింటి మావుసికి (ఒడియాలో పిన్ని అన్నమాట) కూడా తెలుసు. "నాకెందుకు చెప్పలేదే?" అంటే, "చెప్దామనే అనుకున్నానమ్మా, నువ్వు రాగానే అన్నం తిన్నావా, హోంవర్క్ అయిందా, యూనిఫాం ఎక్కడ పడేశావు అంటావు కదా, అవన్నీ అయ్యేసరికి నిద్రొచ్చేస్తుంది" అంది. కోపంగా కూడా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. పన్ను మాత్రం పారేయకుండా దాచింది. పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలని, అమ్మే దగ్గరుండి విసిరిస్తుందని నేనే ఎప్పుడో చెప్పానట.

నేను ఒడిశాలోని బరంపురంలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ చూస్తాను. పొద్దున్న పదింటికి వెళ్తే ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది, పెళ్లిళ్ల సీజన్లో, దసరాకి, ఠాకురాణి అమ్మవారి జాతర జరిగే ఏడాదిలో అయితే పది, పదిన్నర. అటు ఇచ్ఛాపురం నుంచి, ఇటు ఛత్రపురం నుంచి బస్సుల్లో, రైళ్లలో రోజూ వచ్చిపోయే మన తెలుగు ఆడవాళ్లు ఎందరో. ఆసుపత్రుల్లో, స్కూళ్లలో, గిరి మార్కెట్ చుట్టుపక్కల షాపుల్లో చేసేవాళ్లు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మా బంధువులదీ ఇదే కథ. వాళ్లందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పినదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఉద్యోగం మానేయమని రాయడం లేదు. మానే పరిస్థితి నాకు లేదు, ఉన్నా మానను. గంటలు తగ్గించుకోవడం కూడా చాలామంది చేతిలో లేదు. కానీ ఇంట్లో పిల్లలు మెలకువగా ఉండే ఆ గంటా గంటన్నరలో మనం ఎలా ఉంటున్నామన్నది చాలావరకు మన చేతిలోనే ఉంది. పొద్దంతా బయట ఉండే అమ్మ, తెలియకుండానే పురమాయింపుల అమ్మ అయిపోతుంది. పిల్లలకు దూరం అక్కడే మొదలవుతుందని నా నమ్మకం, అందుకే కింద చెప్పే పనులన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

మొదటి పని: మూడు రోజులు రాయండి

ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి పిల్లలు పడుకునేదాకా వాళ్లతో మీరన్న మాటలు, గుర్తున్నంత వరకు, రాత్రి పడుకునే ముందు రాయండి. బాగున్నవి బాగోనివి అని ఏరకండి, అన్నవి అన్నట్టు రాయండి. నా మొదటి రోజు పేజీలో 23 మాటలున్నాయి. చెప్పులు సరిగ్గా పెట్టు, చేతులు కడిగావా, డైరీ చూపించు, తమ్ముణ్ణి ఏడిపించకు, నీళ్లు ఒలకబోయకు, పడుకో. అలాంటివే 20. మిగతా మూడింట్లో ఒక్కటే నిజంగా అడిగిన ప్రశ్న, మోకాలికి ఆ దెబ్బ ఎలా తగిలిందని. అది జవాబు చెప్పేలోపే నేను పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయాను. అది రాస్తున్నప్పుడు చెయ్యి ఆగిపోయింది.

అదే నోటుబుక్కు వెనక పేజీల్లో ఇంటిపనుల జాబితా వేయండి. ప్రతి పని పక్కన ఇద్దరి పేర్లు రాయండి: చేసేది ఎవరు, గుర్తుపెట్టుకునేది ఎవరు. రెండోది ముఖ్యం. గ్యాస్ బుక్ చేయడం, ఫీజు ఆఖరి తేదీ, పిల్లాడి టీకా, అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, ఇడ్లీ పిండి ఏ రాత్రి రుబ్బాలి. ఇవి చేసే చేతులు మారినా మోసే బుర్ర మనదే. ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో చూసే టైమ్ యూజ్ సర్వే 2024లో దేశమంతటా జరిగింది, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. బుర్రలో మోసే ఈ లెక్క ఆ నిమిషాల్లో ఎక్కడ పడుతుంది చెప్పండి. ఈ పేజీ దాచిపెట్టండి, మీ ఆయనతో మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

రెండో పని: పురమాయింపులన్నీ సాయంత్రం నుంచి తీసేయండి

మానేయమనడం లేదు, పిల్లలన్నాక చెప్పకుండా కుదరదు. కానీ అవి మీ నోటి నుంచి, మీరు వచ్చిన వేళకే రావాలని లేదు. తలుపు పక్కన ఒక పలక తగిలించండి. రేపటికి కావలసినవి దాని మీద సుద్దతో పొద్దున్నే రాసి వెళ్లండి: డ్రాయింగ్ పుస్తకం, తెల్ల సాక్సులు, సంతకం పెట్టాల్సిన కాగితం. ఏడేళ్ల పిల్ల బ్యాగు తనే సర్దుకోగలదు. సర్దుకున్నది తుడిచేస్తుంది. మొదటి రెండు వారాలు తప్పులు జరుగుతాయి, మా పిల్ల ఒకరోజు లెక్కల పుస్తకం లేకుండా వెళ్లి టీచరుతో మాట పడింది, నేను వెనకాలే పరిగెత్తి ఇవ్వలేదు. నాలుగేళ్లవాడు చెప్పులు గూట్లో పెట్టగలడు, తిన్న పళ్లెం తెచ్చి తొట్లో వేయగలడు. వాడికి రాత కుదరదు కాబట్టి బొమ్మలు గీశాను.

హోంవర్క్ చూసే పని మీరు వచ్చాక పెట్టుకోవద్దు. తొమ్మిదింటికి అలసిన అమ్మ, నిద్రకు తూగే పిల్ల, మధ్యలో ఒడియా గుణింతాలు... ఆ అరగంట ఎవరికీ మంచిది కాదు. ట్యూషన్‌లో కానీ, వాళ్ల నాన్న దగ్గర కానీ ఎనిమిదికల్లా అయిపోవాలి. కాకపోతే పొద్దున్న చూడండి, అదీ కాకపోతే వదిలేయండి, ఒకరోజు హోంవర్క్ పోతే ఏమీ కాదు.

మూడో పని: వచ్చిన మొదటి పావుగంట

గుమ్మం దగ్గరే ఫోను బ్యాగులో వేసి బ్యాగు మేకుకి తగిలించండి. కాళ్లూ చేతులూ కడుక్కోండి. వంటింట్లోకి వెళ్లకండి, స్టవ్ మీద ఏదున్నా ఇంకో పావుగంట ఉండనివ్వండి. చీర మార్చుకోవడం కూడా తర్వాతే. కింద కూర్చోండి, కుర్చీలో కాదు. పిల్లల ఎత్తుకి దిగితే వాళ్లే వచ్చి ఒళ్లో పడతారు. మావాడు రోజూ నా కొంగు వాసన చూస్తాడు, షాపులో కొత్త బట్టల గంజి వాసన పట్టి ఉంటుంది కదా, "అమ్మ షాపు వాసన" అంటాడు. ఆ పావుగంటలో దేన్నీ సరిదిద్దకండి. గోడ మీద పెన్సిలు గీతలు కనిపిస్తాయి, అన్నం మెతుకులు కనిపిస్తాయి, నాలిక చివరిదాకా మాట వస్తుంది. పావుగంట ఆగండి.

ఏం అడగాలి? "స్కూల్లో ఏమైంది?" అంటే "ఏం లేదు" అంటారు, ఏ ఇంట్లోనైనా అంతే. చిన్న ప్రశ్న, చూసి చెప్పగలిగే ప్రశ్న వేయండి. ఈరోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారు? టిఫిన్లో వాళ్లేం తెచ్చుకున్నారు? ఇవాళ టీచరు ఎవరినైనా తిట్టిందా? ఒక్కోరోజు వీటికీ జవాబు రాదు. అప్పుడు మీ సంగతి ఒకటి చెప్పండి. ఆ రోజు షాపుకి వచ్చిన ముసలాయన మనవరాలి పెళ్లికి బరంపురం పట్టుచీర కొంటూ అంచు మీద చేత్తో ఎన్నిసార్లు తడిమాడో నేను చెప్పాను. అది విని పెద్దది వాళ్ల క్లాసులో ఓ పిల్ల అమ్మమ్మ పోయిందని, ఆ పిల్ల మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని చెప్పింది. నేను అడిగి ఉంటే అది చెప్పేది కాదు.

ఒక్క జాగ్రత్త. మీకోసమని చిన్నపిల్లల్ని మెలకువగా కూర్చోబెట్టకండి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. పొద్దున్న ఆరింటికి లేవాల్సిన పిల్లాడు మీకోసం పదిన్నర దాకా కూర్చుంటే మర్నాడంతా చిరాకు పడతాడు, ఆ చిరాకు మళ్లీ మీదాకా వస్తుంది. పడుకుంటే పడుకోనివ్వండి. పావుగంటని పొద్దుటికి మార్చుకోండి.

పొద్దున్న దొరికేది: జడ వేసే వేళ

ఆడపిల్ల ఉన్న ఇంట్లో జడ వేసే పది నిమిషాలకు సాటి లేదు. మొదట్లో త్వరగా అయిపోతుందని ఆ పని అత్తయ్యకి అప్పగించేశాను, పన్ను సంగతి తర్వాత వెనక్కి తీసుకున్నాను. పిల్ల ముందు కూర్చుంటుంది, మనం వెనక. మొహాలు ఎదురెదురుగా ఉండవు. తలలో వేళ్లు కదులుతుంటే దానికి మాటలు వాటంతట అవే వస్తాయి. పాయలు విడదీసేటప్పుడు ఏమీ అనదు, మూడోవంతు అల్లాక మొదలుపెడుతుంది, రిబ్బను కట్టేసరికి అసలు విషయం చెబుతుంది. అందుకే నేను రిబ్బను కాస్త నెమ్మదిగా కడతాను. వ్యాన్‌లో తన పక్కన కూర్చునే పెద్ద పిల్లవాడు రోజూ టిఫిన్ డబ్బా లాక్కుంటున్నాడని అలాగే తెలిసింది.

కొడుకులకైతే నూనె రాయడమో, బూటు లేసు కట్టడమో, సందు చివరిదాకా నడిపించడమో. కాస్త పెద్దపిల్లలు మొహంలో మొహం పెట్టి అడిగితే ముడుచుకుపోతారు, పక్కపక్కన ఏదో పని చేస్తుంటే మాట్లాడతారు. పది, పన్నెండేళ్ల పిల్లలున్న అమ్మలు బఠాణీలు ఒలవడం, ఉతికిన బట్టలు మడతపెట్టడం లాంటి పనులు వాళ్లతో కలిసి చేయండి.

ఇంకో మాట, ఇది మన సరిహద్దు ఊళ్ల సంగతి. మా పిల్లలు స్కూల్లో, వీధిలో, మావుసితో ఒడియా మాట్లాడతారు, పుస్తకాల్లో ఇంగ్లిష్ చదువుతారు. తెలుగు మామ్మ దగ్గరా నా దగ్గరే. నేను ఇంట్లో లేనన్ని గంటలు ఆ తెలుగూ తగ్గుతుంది. కోపం వచ్చినప్పుడు, భయం వేసినప్పుడు పిల్లకి మాట దొరకాలి కదా. జడ వేసేటప్పుడు నేను కావాలనే తెలుగే మాట్లాడతాను, అది ఒడియా కలిపితే కలపనిస్తాను, దిద్దను.

నాలుగున్నర ఫోను

పిల్లలు స్కూలు నుంచి వచ్చే వేళకు రోజూ ఒక ఫోను చేయండి. మూడు నిమిషాలు చాలు, కానీ రోజూ అదే వేళకు. వేసవిలో మార్నింగ్ స్కూల్ మొదలైతే వేళ మార్చుకోండి. నేను మా షాపాయనను అడిగినప్పుడు "రోజూ ఫోన్లంటే కస్టమర్లు ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. టీ బ్రేకులోంచి ఆ మూడు నిమిషాలు తీసుకుంటానని, కౌంటర్లో పక్కమ్మాయి కూర్చుంటుందని, తన ఫోనుకి నేను కూర్చుంటానని చెప్పాక ఒప్పుకున్నాడు. ఒక్కరే అడిగే బదులు ఇద్దరు కలిసి, పని ఎలా ఆగదో కూడా చెబుతూ అడగండి.

ఫోను పిల్లకే ఇప్పించుకోండి. అత్తగారిని అడిగి తెలుసుకుంటే అది రిపోర్టు అవుతుంది, మీ ఇద్దరి మధ్య పిల్ల మీద చాడీ అవుతుంది. ఫోన్లో కూడా హోంవర్క్ ఊసు వద్దు. అసలు కుదరని రోజున వాట్సాప్‌లో మీ గొంతు రికార్డు చేసి పంపండి. మావాడు దాన్ని నాలుగైదుసార్లు పెట్టించుకుని వింటాడట.

అత్తగారితో, లేదా పిల్లల్ని చూసుకునే మావుసితో

ఇక్కడే ఎక్కువ ఇళ్లలో చెడుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. మనం లేని పదకొండు గంటలు పిల్లలతో ఉన్నది ఆవిడ. మనం వచ్చిన రెండు నిమిషాలకే "వీడికి ఇంకా స్నానం చేయించలేదా?", "మళ్లీ ఫోను ఇచ్చారా?" అంటే ఆవిడ పొద్దంతా చేసినది ఏమీ కనపడనట్టే. నేను అలాగే అనేదాన్ని. మా అత్తయ్య ఒకరోజు ఏమీ అనకుండా లోపలికి వెళ్లి పడుకుంది, అన్నం తినలేదు. మోకాళ్ల నొప్పితో వీధి చివరిదాకా వాడి వెనక రెండుసార్లు వెళ్లిందని మర్నాడు మావుసి చెప్పింది.

అప్పటినుంచి ఇలా చేస్తున్నాను. రాగానే మొదటి మాట "అత్తా, మీరు తిన్నారా?" అదొక్కటే. పిల్లల గురించి అడగాల్సినవి ఆ రాత్రి అడగను, మర్నాడు పొద్దున్న ఆవిడ కాఫీ తాగేటప్పుడు పక్కన కూర్చుని అడుగుతాను. అప్పుడు ఆవిడే చెబుతుంది, నేను అడగనివి కూడా. ఫోను విషయంలో తగువు పడే బదులు ఇద్దరం కలిసి ఒక వేళ పెట్టుకున్నాం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి స్క్రీన్ వద్దని, తగ్గితే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అది ఆవిడకు చెప్పాను, కానీ ఆ గంట ఎప్పుడో ఆవిడే నిర్ణయించింది. సాయంత్రం దీపం పెట్టే వేళ తనకి కాస్త ఖాళీ కావాలి, అప్పుడు అరగంట. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఓ అరగంట. పొద్దంతా ఉండే మనిషికి ఎప్పుడు ఊపిరాడదో ఆ మనిషికే తెలుస్తుంది.

వారానికి ఒక పూట ఆవిడకు సెలవు ఇవ్వండి. గుడికో, చెల్లెలి ఇంటికో వెళ్తుంది, లేదా ఊరికే పడుకుంటుంది. ప్రతి నెలా జీతంలోంచి ఆవిడ చేతికి కొంత ఇవ్వండి, ఎంతైనా సరే, అడిగించుకోకుండా. పనికి కుదిరిన మావుసి అయితే జీతం ఆలస్యం చేయకండి, ఆవిడ ఇంట్లోనూ పిల్లలుంటారు.

పిల్లలు మామ్మకే ఎక్కువ చేరికైపోయారని కొందరు బాధపడతారు. నాకూ ఆ బాధ ఉండేది. జ్వరం వచ్చినప్పుడు మావాడు నా చేతుల్లోంచి జారి మామ్మ దగ్గరకు వెళ్లిన రాత్రి ఏడ్చాను. కానీ ఆలోచించండి, మనం లేనప్పుడు పిల్లాడికి గట్టిగా పట్టుకునేందుకు ఒక మనిషి ఉందంటే అది మన అదృష్టం. ఆవిడతో పోటీకి దిగకండి.

మీ ఆయనతో

ముందుగా "సాయం" అనే మాట ఇంట్లో వాడకండి. సాయం చేస్తున్నానని ఆయన అనుకున్నంతకాలం పని మీదే, ఆయన మధ్యలో చెయ్యి వేసిన మనిషి. ముక్కలు ముక్కలుగా చెప్పకుండా పని మొత్తం అప్పగించండి. మంగళవారం, శుక్రవారం రాత్రి వంట ఆయనది అంటే, ఏ కూర వండాలో ఆలోచించడం, కూరగాయలు తేవడం, అన్నం ఎంత పెట్టాలో చూసుకోవడం అన్నీ ఆయనవే. పప్పుచారు నీళ్లలా ఉన్నా ఏమీ అనకుండా తినండి. మీరు లేచి తాలింపు సరిచేస్తే వచ్చే వారం నుంచి ఆ పని మళ్లీ మీదే.

ఈ సంగతి మాట్లాడటానికి రాత్రి పది తర్వాత కూర్చోకండి, అది తగువే అవుతుంది. సెలవు రోజు పొద్దున్న టీతో కూర్చోండి, నోటుబుక్కులోని ఆ పేజీ ముందు పెట్టండి. మా ఇంట్లో ఇలా జరిగింది.

"ఇందులో గుర్తుపెట్టుకునేది అన్నచోట అన్నీ నా పేరే ఉంది, చూడండి."

"నువ్వు చెబితే చేస్తున్నాను కదా."

"చెప్పడమే పని అండీ. అందులో మూడు పూర్తిగా మీవి కావాలి, నేను మర్చిపోయినా జరగాలి."

ఆయన చాలాసేపు చూసి ఫీజులు, గ్యాసు, వాళ్లమ్మ మందులు తీసుకున్నారు. మందులు ఒకసారి మర్చిపోయారు కూడా. కానీ ఇప్పుడు నాకు అవి గుర్తుకు రావడం మానేశాయి, బుర్రలో అంత చోటు ఖాళీ అయింది. కొడుకు వంట చేస్తుంటే అత్తగారు ఏమైనా అంటే ఆ జవాబు ఆయనే చెప్పాలి. మీరు చెప్పకండి.

ఇంటి లెక్కలే కాకుండా మీరిద్దరూ మనుషుల్లా మాట్లాడుకునే ఒక పూట కూడా ఉండాలి. ఆ సంగతి నేను ఇంకా సరిగ్గా కుదుర్చుకోలేదు, అందుకే ఎక్కువ చెప్పను.

పనిచేసే చోట

ప్రసూతి ప్రయోజనాల చట్టం (2025 నవంబరు నుంచి అది సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది), దానికి 2017లో చేసిన సవరణ ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు ఉంది, అంతకుముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. 50 మంది అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలి, అమ్మ రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వాలని కూడా ఆ సవరణలో ఉంది. నేను ఇంతకుముందు పనిచేసిన ఒకచోట ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, నాకూ అడగాలని తెలియలేదు. మీరు అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం అయితే పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా, ఇద్దరు పిల్లల వరకు, మొత్తం 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. పరీక్షలప్పుడు, జబ్బు చేసినప్పుడు వాడుకోవచ్చు. మూడేళ్లు దాటిన పిల్లలకు దగ్గర్లోని అంగన్‌వాడీ కూడా ఒక దారి, ఓసారి వెళ్లి చూసి రండి.

నెలకో రజ పూట

ఒడిశాలో ఉన్నవాళ్లకు రజ పండుగ గురించి చెప్పక్కర్లేదు. జూన్ మధ్యలో మూడు రోజులు భూమి తల్లికి విశ్రాంతి అని నాగలి పట్టరు, ఆడవాళ్లు రుబ్బరు, నూరరు, ఆడపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, పొడపిఠా (బియ్యప్పిండితో కాల్చి చేసే తీపి వంటకం) ముందే చేసి పెట్టుకుంటారు. మన తెలుగిళ్లలో చాలామంది ఆ ఉయ్యాలలూ పిఠాలూ తీసుకున్నాం కానీ విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. నేను దాన్ని నెలకో పూట చేసుకున్నాను. సెలవు రోజున ఒక పూట అమ్మ వంటింట్లోకి వెళ్లదు. ముందురోజు చద్దన్నం పెరుగుతో తిన్నా సరే, బయటి నుంచి వడలు తెచ్చుకున్నా సరే. ఆ పూట గోపాలపురం సముద్రానికే వెళ్లాలని లేదు, మేము ఎక్కువసార్లు డాబా మీద చాప వేసుకుని పడుకుంటాం. పిల్లలు నా మీద ఎక్కుతారు, కబుర్లు చెబుతారు, ఒక్కోసారి నేనే ముందు నిద్రపోతాను. నిద్రపోయిన అమ్మ పక్కన బొమ్మలతో ఆడుకోవడం కూడా వాళ్లకు ఇష్టమే.

బొమ్మలూ చాక్లెట్లూ తెచ్చి లేని గంటల్ని పూడ్చాలని చూడకండి. నేను ఏడాదిపాటు ప్రతి శనివారం ఏదో ఒకటి తెచ్చాను. చివరికి గుమ్మంలో నా మొహం చూడకుండా సంచి చూడటం మొదలుపెట్టారు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకండి

మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, రోజూ స్కూలు వేళకే కడుపునొప్పి, ఇదివరకు బాగా మాట్లాడే పిల్ల వారాల తరబడి ముభావంగా ఉండటం, ఎవరి దగ్గరికైనా వెళ్లమంటే భయపడటం. ఇవి అలక అనుకోకండి. పిల్లల డాక్టరుకి చూపించండి, స్కూల్లో మాట్లాడండి. పిల్లలకు ఎవరి వల్లనైనా ఇబ్బంది ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయవచ్చు. మీకే నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, పిల్లల మీద చెయ్యి లేవడం లాంటివి జరుగుతుంటే మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ 14416 ఉంది, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు. అమ్మకు టెన్షన్ మామూలే అని వదిలేయకండి.

ఆఖరిది: వేళ గురించి అబద్ధం చెప్పకండి

"త్వరగా వచ్చేస్తానమ్మా" అని మనం రోజూ అంటాం. గుమ్మంలో ఏడుపు ఆపడానికి అనే మాట అది. పిల్లలు ఆ మాట పట్టుకుని సాయంత్రం ఆరింటినుంచి వీధిలోకి చూస్తారు. నాలుగుసార్లు అలా చూశాక చూడటం మానేస్తారు, ఆ మానేయడమే అసలు నష్టం. తొమ్మిదింపావుకి వస్తే తొమ్మిదింపావు అనే చెప్పండి. గడియారం చూడటం రాని పిల్లాడికి "నువ్వు పడుకున్నాక వస్తాను, పొద్దున్న లేవగానే నీ పక్కనే ఉంటాను" అని చెప్పండి. ఏడుస్తాడు, ఏడవనివ్వండి, ఆ ఏడుపు రెండు నిమిషాలదే. సీజన్ వచ్చే ముందు గోడ క్యాలెండర్ పిల్లల చేతికిచ్చి, మీరు ఆలస్యంగా వచ్చే రోజుల మీద వాళ్ల చేతే ఎర్ర గీతలు పెట్టించండి, సెలవు రోజు చుట్టూ పచ్చ గుండ్రం. మావాడు రోజూ ఒక గీత లెక్కపెట్టుకుంటాడు.

చెప్పిన వేళ దాటుతుందని తెలిసిన క్షణమే ఫోను చేయండి, దాటాక కాదు.

మొన్న నాలుగున్నర ఫోన్లో పెద్దది "అమ్మా, ఇంకో పన్ను ఊగుతోంది, బాగా ఊగుతోంది" అంది. షాపు నిండా జనం, ఒక కుటుంబం పద్దెనిమిది చీరలు బిల్లు కోసం పెట్టి నిలబడి ఉంది. త్వరగా వచ్చేస్తానని నోటిదాకా వచ్చింది. తొమ్మిదిన్నర అవుతుందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరే, అన్నం రెండోపక్క నములుతాను. మామ్మని పేడ తెచ్చి ఉంచమననా?" అంది.